ధాన్యాగారం – భూగర్భ జలం

ఆసియా ఖండంలో ఆహార సమస్యను నీటి సమస్య నుండి విడదీసి చూచుట సాధ్యం కాదు. 1965, 1966 సంవత్సరాలలో భారతదేశంలో వర్షాలు వరుసగా విఫలమైనప్పుడు, అమెరికా నుండి ఓడలలో వచ్చే గోధుమలకై మన ప్రజలు ఎదురుచూడవలసి వచ్చినది. స్వతంత్ర దేశం అన్నానికై పరుల ముందు చేయి చాచవలసి వచ్చిన ఆ బాధ నుండి పుట్టిన నిర్ణయాలే నేటికీ మన పొలాలను పాలిస్తున్నవి. భారత ఆహార సంస్థ, వ్యవసాయ ధరల కమిషన్ రెండూ 1965లోనే ఏర్పడినవి. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్.8 అనే పొట్టి వరి వంగడాన్ని విడుదల చేసినది. అదే ఏట మెక్సికో నుండి 18,000 టన్నుల గోధుమ విత్తనం మన దేశానికి వచ్చినది. ఈ వంగడాలకు ఎరువు కావలెను. ఎరువు వేసిన పైరుకు అదను తప్పని నీరు కావలెను. కాలువ నీరు వంతు ప్రకారం వచ్చును; బోరుబావి నీరు రైతు కోరినప్పుడు వచ్చును. హరిత విప్లవానికి బోరుబావి ఆయువుపట్టు అగుటకు కారణమిదే.

నీటి పొదుపును గూర్చి మాట వచ్చినప్పుడు మనం సాధారణంగా నీటిపారుదల శాఖ వైపు చూస్తాము. కాని రైతు ఎంత నీరు తోడునో వాస్తవంగా నిర్ణయించునవి రెండు: పంటకు ప్రభుత్వం ఇచ్చే ధర, పంపుసెట్టుకు ఇచ్చే కరెంటు. ఈ రెండింటినీ తాకని జల విధానం కాగితం మీద ఎంత అందంగా ఉన్నా ప్రయోజనం స్వల్పం.

పంజాబు ఉదాహరణ చూడుడు. అక్కడి ప్రజలకు ప్రధానాహారం రొట్టె. 1960-61లో వరి సాగు సుమారు 2 లక్షల 27 వేల హెక్టార్లు మాత్రమే. నేడు అది 30 లక్షల హెక్టార్లను మించినది. పండిన గింజనంతా నిర్ణీత ధరకు ప్రభుత్వం కొనుట అక్కడ వరికి, గోధుమకు మాత్రమే జరుగుతున్నది. మొక్కజొన్న వేసిన రైతు వ్యాపారి దయాదాక్షిణ్యాలపై ఆధారపడవలెను. 1997లో ప్రారంభమైన ఉచిత విద్యుత్తు, నడుమ కొంతకాలం తప్ప, కొనసాగుతూనే ఉన్నది. ఇట్టి స్థితిలో వరి వేసిన రైతును దురాశాపరుడనుట అన్యాయం. మనమైనా అదే చేసి ఉండెడివారము. ఫలితమేమనగా, ఏటా భూమిలోకి ఇంకి వాడుకకు వీలైన నీరు 100 పాళ్లయితే, తోడుతున్నది 150 పాళ్లకు పైమాటే.

2009లో పంజాబు ప్రభుత్వం ఒక చట్టం చేసి, జూన్ 10వ తేదీకి ముందు వరి నాట్లు వేయరాదని శాసించినది. ఇందలి సూక్ష్మం గమనింపదగినది. మడిలో కట్టిన నీటిలో కొంత నేలలోకి ఇంకి తిరిగి భూగర్భానికే చేరును. దానిని పూర్తి నష్టమనలేము. మే మాసపు ఎండకు ఆవిరైన నీరు మాత్రం మరల దక్కదు. నాట్లను వర్షాకాలానికి దగ్గరగా జరుపుటచే ఆదా అగునది ఈ నీరే. అయితే నాట్లతోపాటు కోత కూడ వెనుకకు జరిగినది. గోధుమ విత్తుటకు వ్యవధి తగ్గి, రైతులు కొయ్యకాళ్లను పొలంలోనే తగులబెట్టుట హెచ్చినది. ఆ పొగలో కొంత నేడు ఢిల్లీ నగర వాసుల ఊపిరితిత్తులకు చేరుతున్నది. ధరను, కరెంటును ముట్టకుండ తేదీని మాత్రమే మార్చిన చట్టం ఇంతకంటె ఏమి చేయగలదు?

సౌదీ అరేబియా కథ మరింత తీవ్రమైనది. వేల సంవత్సరాల నాడు భూమిలో చేరి, మరల నిండే అవకాశం లేని నీటిని తోడి, ప్రపంచ ధరకు కొన్ని రెట్లు చెల్లించి, ఆ ప్రభుత్వం ఎడారిలో గోధుమ పండించినది. 1992 నాటికి దిగుబడి 40 లక్షల టన్నుల స్థాయికి చేరి, ఎగుమతులు కూడ జరిగినవి. నీరు తరిగిపోవుట గ్రహించి, 2008లో కొనుగోళ్లను క్రమంగా తగ్గించి 2016 నాటికి ఆపవలెనని నిర్ణయించినది. చమురు సంపద గల దేశం గనుక గోధుమను దిగుమతి చేసుకొనగలిగినది.

అందరికీ ఆ వసతి లేదు. 2007-08లో భారతదేశం, వియత్నాం బియ్యపు ఎగుమతులను అరికట్టగా, ప్రపంచ విపణిలో బియ్యం ధర కొద్ది మాసాలలోనే రెట్టింపును మించిపోయినది. దిగుమతిపై ఆధారపడిన ఫిలిప్పీన్స్ తల్లడిల్లినది. 2023 జూలైలో భారతదేశం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని మరల నిషేధించి, 2024 సెప్టెంబరులో గాని సడలించలేదు. కనుక "నీరు లేనివారు కొనుక్కొని తినవచ్చును" అను వాదం వినుటకు సులభమే గాని, పేద దేశాలకు అది నమ్మదగిన ఆధారం కాదు.

మన దక్షిణాపథం విషయం వేరు. పంజాబు కింద ఒండ్రుమట్టి లోతుగా ఉన్నది. తెలంగాణ, రాయలసీమల కింద అధిక భాగం గట్టి రాయి. పైనున్న శిథిలమైన పొరలోను, బండల పగుళ్లలోను మాత్రమే నీరు నిలుచును. ఒక్క వర్షాకాలం తప్పినచో బోరు ఎండును. ముందుగా ఎండునది లోతు తక్కువైన పేదవాని బోరు. అతడు అప్పు చేసి మరొకటి వేయును. అందులోను నీరు పడకపోవచ్చును. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఉచిత విద్యుత్తు, 2018 జనవరి 1 నుండి తెలంగాణలో ఇచ్చిన ఇరువదినాలుగు గంటల సరఫరా రైతు ఖర్చును తగ్గించినవనుట నిజమే. కాని లేని నీటిని అవి తేలేవు. బోర్లకు అనుమతి తప్పనిసరి చేసిన 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం అమలులో బలహీనంగానే మిగిలినది.

ఆజ్ఞలకంటె భిన్నమైన ప్రయత్నం కూడ ఈ నేలపైనే జరిగినది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ మొదలైన ఏడు జిల్లాలలో, 2003 తరువాత కొన్నేండ్లపాటు రైతులే బావుల నీటిమట్టాన్ని, వర్షపాతాన్ని కొలిచి వ్రాసుకొన్నారు. రబీకి ముందు గ్రామస్థులు సమావేశమై, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క కట్టేవారు. నిర్బంధం లేదు, నగదు ప్రోత్సాహం లేదు. అయినను పలు గ్రామాలలో వరి తగ్గి ఆరుతడి పంటలు పెరిగినవి. తన పద్దు తాను చూచుకొన్న మనిషికి ఉపన్యాసం అవసరం లేదు.

కరెంటు విషయంలో గుజరాత్ 2003లో వేరొక దారి త్రొక్కినది. ఇండ్ల విద్యుత్ లైన్లను వ్యవసాయపు లైన్ల నుండి వేరుపరచి, పొలాలకు రోజుకు ఎనిమిది గంటలు నాణ్యమైన కరెంటు ఇచ్చినది. 2018లో పంజాబు, పొదుపు చేసిన ప్రతి యూనిట్‌కు రైతుకే సొమ్ము చెల్లించే పథకాన్ని పరీక్షించినది. చైనాలోని హెబెయ్ రాష్ట్రంలో 2014 నుండి, శీతకాలపు గోధుమ మానుకొన్న రైతులకు పరిహారం ఇచ్చినారు. నీటిని పొదుపు చేసిన వాని చేతికి డబ్బు అందవలెను అను ఈ పద్ధతి నాకు అన్నిటికంటె న్యాయంగా తోచుచున్నది. ఉచిత విద్యుత్తును ఒక్కసారిగా తొలగించుట కంటె ఇది మేలు.

ఇక మిగిలినది పళ్లెంలోని మాట. రాయలసీమ, తెలంగాణ ప్రజలు తరతరాలుగా జొన్న, కొర్ర తిన్నవారు. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఆకలి తీర్చినది. దానిని తక్కువ చేసి మాట్లాడరాదు. అయితే చౌకడిపోలో బియ్యం మాత్రమే దొరుకుట చేత జొన్న ఇంటి నుండి, ఆపై పొలం నుండి కూడ వెనుకకు తగ్గినది. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల పథకం ఆరంభించి, గిరిజన రైతుల రాగులను మద్దతు ధరకు కొని, చౌకడిపోల ద్వారా పంచినది. అదే రీతిగా మన జొన్నను, కొర్రను కొని డిపోకు చేర్చుటకు కొత్త ఆనకట్ట అక్కరలేదు. గిడ్డంగిలో కొంత చోటు, కొనుగోలు ధరలో కొంత సాహసం చాలును.