యంత్రానికి అబద్ధం చెప్పేదెవరు? పీఎల్‌సీ ఇన్‌పుట్ కార్డులో లోపాన్ని ఎలా పట్టుకుంటారు?

ఒడిశాలోని బహనగా బజార్ స్టేషన్‌లో 2023 జూన్ 2న కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్‌లో వెళ్లేందుకు గ్రీన్ సిగ్నల్ పడింది. పాయింట్లు మాత్రం లూప్ లైన్ వైపు ఉన్నాయి. అక్కడ ఆగి ఉన్న గూడ్సు రైలును ఎక్స్‌ప్రెస్ ఢీకొంది. ఈ ప్రమాదంలో 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్‌లో చేసిన మార్పుల్లో లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. సిగ్నల్ వ్యవస్థ తనకు అందిన సమాచారం ప్రకారమే నడుచుకుంది. ఆ సమాచారమే తప్పు.

సిమెంటు ఫ్యాక్టరీలు, మందుల కంపెనీలు, తాగునీటి పంప్‌హౌస్‌లను నడిపే పీఎల్‌సీలకూ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్లు) ఇదే పరిమితి ఉంది. బయట ఏం జరుగుతోందో అవి నేరుగా చూడలేవు. ఇన్‌పుట్ కార్డు చెప్పిందే వాటికి నిజం.

ఇన్‌పుట్ కార్డు ఏం చేస్తుంది?

తలుపు మూసుకుందా, ట్యాంకు నిండిందా, ఆపే బటన్ నొక్కారా అన్నది సెన్సర్లు, స్విచ్‌లు గమనిస్తాయి. ఆ సంకేతం వైరు ద్వారా, చాలాచోట్ల 24 వోల్టుల డీసీ రూపంలో, కార్డుకు చేరుతుంది. కార్డు దాన్ని ప్రోగ్రామ్‌కు అర్థమయ్యే ‘ఆన్’ లేదా ‘ఆఫ్’గా మారుస్తుంది.

తనిఖీ ఎక్కడ మొదలుపెట్టాలి?

తలుపు మూసే ఉన్నా, కంట్రోల్ రూమ్ తెరపై ‘తలుపు తెరిచి ఉంది’ అని కనిపిస్తోందనుకుందాం. మోటారు స్టార్ట్ కాదు. ఇలాంటప్పుడు వెంటనే కార్డు మార్చేయాలనిపిస్తుంది. కానీ లోపం చాలాసార్లు బయటి సెన్సర్‌లోనో, కేబుల్‌లోనో, వదులైన టెర్మినల్‌లోనో ఉంటుంది. అందుకే సంకేతం వచ్చే దారి వెంటే వెతకాలి.

సెన్సర్ మీది లైటు వెలగకపోతే సెన్సర్‌నూ, దానికొచ్చే కరెంటునూ చూడాలి. అది వెలుగుతున్నా కార్డు మీద ఆ ఛానల్ లైటు వెలగడం లేదంటే టెర్మినల్ దగ్గర మల్టీమీటర్‌తో కొలవాలి. అక్కడ వోల్టేజీ లేకపోతే మధ్యలో కేబుల్ గానీ ఫ్యూజు గానీ పోయినట్టే.

కొలిచేటప్పుడు వైరును టెర్మినల్ నుంచి విప్పకూడదు. తుప్పు పట్టిన వైరు కూడా విడిగా కొలిస్తే 24 వోల్టులు చూపించవచ్చు. కార్డు కరెంటు తీసుకోవడం మొదలుపెట్టాకే వోల్టేజీ పడిపోయి లోపం బయటపడుతుంది.

కార్డే పోయిందని ఎప్పుడు తేల్చాలి?

టెర్మినల్ దగ్గర సరైన వోల్టేజీ ఉండి కూడా ఛానల్ లైటు వెలగకపోయినా, లైటు వెలుగుతున్నా ప్రోగ్రామ్‌లో ‘ఆన్’ కనిపించకపోయినా కార్డును అనుమానించవచ్చు. ఒక గ్రూపులోని ఛానళ్లన్నీ ఒకేసారి ఆగిపోతే మాత్రం ముందుగా ఆ గ్రూపు ఫ్యూజును, ఉమ్మడి ‘కామన్’ వైరును చూడాలి.

కొత్త కార్డు అదే మోడల్ అయి ఉండాలి, సెట్టింగులు సరిపోలాలి. కరెంటు ఉండగానే మార్చే వీలు ఆ మోడల్‌కు లేకపోతే సరఫరా ఆపాలి. యంత్రం ఉన్నట్టుండి కదలకుండా లాక్ చేయాలి. పాత కార్డు ఎందుకు కాలిందో కూడా తెలుసుకోవాలి. పిడుగుపాటు వల్లనో, 24 వోల్టుల వైరులోకి 230 వోల్టులు చేరడం వల్లనో కాలి ఉంటే, ఆ లోపం సరిచేసేదాకా కొత్త కార్డుకూ అదే గతి.

వైరు తెగితే యంత్రానికి తెలుస్తుందా?

ముందుచూపుతో డిజైన్ చేస్తే తెలుస్తుంది. ఆపే బటన్ సర్క్యూట్‌లో మామూలు సమయంలో కరెంటు ప్రవహిస్తూనే ఉండేలా అమరుస్తారు. బటన్ నొక్కినా, వైరు తెగినా ప్రవాహం ఆగుతుంది, యంత్రమూ ఆగుతుంది. ట్యాంకు మట్టం వంటి కొలతలను 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల కరెంటుగా పంపడం వెనుకా ఇదే ఆలోచన ఉంది. ఖాళీ ట్యాంకు 4 చూపిస్తుంది. సున్నా వచ్చిందంటే ట్యాంకు ఖాళీ అని కాదు, వైరు తెగిందని అర్థం.

సెన్సర్, వైరు, కార్డు అన్నీ బాగున్నా సమాచారం అసంపూర్ణంగా ఉండవచ్చు. 2020 మే 7న విశాఖపట్నం ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. అక్కడి ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలో మాత్రమే కొలిచేవారని ప్రభుత్వం నియమించిన కమిటీ గుర్తించింది. పై పొరల్లో పెరిగిన వేడి ఆ కొలతకు అందలేదు.

‘ప్రస్తుతానికి బైపాస్’ ఎందుకు ప్రమాదం?

ఉత్పత్తి ఆగకూడదని టెర్మినళ్ల మధ్య చిన్న వైరు ముక్క పెట్టడం, ప్రోగ్రామ్‌లో ఇన్‌పుట్‌ను బలవంతంగా ‘ఆన్’ చేయడం ఫ్యాక్టరీల్లో అందరికీ తెలిసిన దారే. పని నడుస్తుంది. అయితే ఇక తలుపు నిజంగానే తెరిచినా యంత్రం ఆగదు. షిఫ్ట్ మారాక వచ్చినవారికి ఆ సంగతే తెలియకపోవచ్చు. అందుకే బైపాస్‌కు రాతపూర్వక అనుమతి, గడువు, కనిపించేలా ట్యాగ్ తప్పనిసరి. రిపేరయ్యాక సెన్సర్ నుంచి తెర దాకా పూర్తిగా పరీక్షించాలి.

చిన్న హెచ్చరికను వదిలేస్తే ఏమవుతుందో బహనగా నివేదికలోనే ఉంది. అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లోని మరో స్టేషన్‌లో 2022 మే 16న తప్పు వైరింగ్ వల్ల ఇలాంటి ఘటనే జరిగింది. అప్పుడే దిద్దుబాటు చర్యలు తీసుకుని ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదని నివేదిక పేర్కొంది.