చక్కెర జబ్బు - రమజాన్ ఉపవాసాలు: ఇటీవలి పరిశోధనలు చెబుతున్నదేమిటి?

కొన్నేళ్ల క్రితం మా మస్జిదులో జరిగిన ఒక సంఘటనతో ఈ విషయాన్ని ప్రారంభిస్తాను. అది వేసవిలో వచ్చిన రమజాన్. అస్ర్ నమాజు ముగిశాక, దర్జీ పనిచేసే ఒక పెద్దాయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు, మాటలో తడబాటు. ఉపవాస బడలిక కాబోలనుకుని మేము విసనకర్రతో విసిరాము. ఎవరో ఖర్జూరం నోటికి అందించబోతే, మగ్రిబ్‌కు ఇంకెంతో సేపు లేదంటూ ఆయన తల అడ్డంగా ఊపారు. మరి కాసేపటికి స్పృహ తప్పింది. ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించాక అల్లాహ్ దయవల్ల ప్రాణం నిలిచింది. ఆయనకు పదేళ్లుగా చక్కెర జబ్బు ఉన్నదనీ, సహరీ సమయంలో యథాప్రకారం మాత్ర వేసుకున్నారనీ మాకు తెలిసింది ఆ తరువాతనే.

ఆ రోజు అక్కడ ఉన్నవారిలో విశ్వాసం కొరవడినవారెవరూ లేరు. కొరవడింది తెలివిడి. ఇది ఏ ఒక్క మస్జిదుకో పరిమితమైన సమస్య కాదు. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో దేశవ్యాప్తంగా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి చక్కెర జబ్బు ఉన్నది. వారిలో రమజాన్ ఉపవాసాలు పాటించే ముస్లింల సంఖ్య చిన్నదేమీ కాదు. కనుక ఈ విషయంలో గత పాతికేళ్లుగా జరిగిన పరిశోధనలు ఏమి తేల్చాయో, షరీఅత్ దృష్టిలో వాటి ప్రాధాన్యం ఏమిటో తెలుసుకోవడం అవసరం.

శరీరంలో జరిగేదేమిటి?

మనం తిన్న ఆహారం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. దానిని కణాల్లోకి చేర్చేది క్లోమగ్రంథి తయారుచేసే ఇన్సులిన్. అవసరానికి మించిన గ్లూకోజు కొంత కాలేయంలో నిల్వ ఉంటుంది. ఆరోగ్యవంతుడు ఉపవాసమున్నప్పుడు కొన్ని గంటల తరువాత ఇన్సులిన్ దానంతట అదే తగ్గిపోతుంది. కాలేయం తన నిల్వ నుంచి గ్లూకోజును కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. అందుకే ఆకలి వేసినా, నీరసం వచ్చినా ప్రమాదమేమీ జరగదు.

చక్కెర వ్యాధిగ్రస్తుల్లో ఈ ఏర్పాటు దెబ్బతిని ఉంటుంది. పైగా వారు వాడే కొన్ని మాత్రలు, మనిషి తిన్నాడా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. పగలంతా ఆహారం లేకపోయినా మందు పని మాత్రం ఆగదు. ఫలితంగా రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబాటు దీని గుర్తులు. చికిత్స ఆలస్యమైతే స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు.

దీనికి విరుద్ధమైన ప్రమాదం కూడా ఉన్నది. ఇఫ్తార్‌లో షర్బతులు, మిఠాయిలు, వేపుళ్లు ఒక్కసారిగా తీసుకోవడం వల్లా, భయంతో మందులు పూర్తిగా మానివేయడం వల్లా చక్కెర విపరీతంగా పెరుగుతుంది. ఇన్సులిన్ లేనిదే బ్రతకలేని మొదటి రకం వ్యాధిగ్రస్తుల్లో అది రక్తాన్ని ఆమ్లమయం చేసి ప్రాణాంతకం కాగలదు. మన ప్రాంతంలో ఉపవాసం చలికాలంలో 12 గంటలకు పైగా, వేసవిలో 14 గంటలకు పైగా సాగుతుంది. వేసవిలో నీరు తగ్గిపోవడం మరొక బాధ.

పరిశోధనలు తేల్చిన విషయాలు

2001 రమజాన్‌లో 13 దేశాల్లో 12 వేలమందికి పైగా చక్కెర వ్యాధిగ్రస్తులను పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం 2004లో ప్రచురితమైంది. మొదటి రకం వ్యాధి ఉన్నవారిలో 43 శాతం, రెండవ రకం ఉన్నవారిలో 79 శాతం మంది కనీసం 15 రోజులు ఉపవాసమున్నట్లు అందులో తేలింది. ఆసుపత్రిలో చేర్చవలసినంతగా చక్కెర పడిపోయిన సందర్భాలు, రెండవ రకం వారిలో మామూలు నెలల్లో నూరుమందికి 0.4 ఉండగా రమజాన్‌లో 3కు పెరిగాయి. మొదటి రకం వారిలో 3 నుంచి 14కు పెరిగాయి. అదేవిధంగా చక్కెర తీవ్రంగా పెరిగిన సందర్భాలు రెండవ రకం వారిలో 1 నుంచి 5కు చేరాయి. అయినప్పటికీ మందుల మోతాదు మార్చుకున్నవారు సగంమంది కూడా లేరు.

మందుల మధ్య తేడాను చూపిన అధ్యయనం మరొకటి 2011లో వెలువడింది. భారతదేశంతో సహా అయిదు దేశాల్లో, ఇన్సులిన్‌ను విడుదల చేయించే మాత్రలు వాడుతూ ఉపవాసమున్న 1,378 మందిని ఇందులో పరిశీలించారు. దాదాపు అయిదుగురిలో ఒకరికి చక్కెర పడిపోయిన లక్షణాలు కనిపించాయి. పాత మందైన గ్లైబెన్‌క్లమైడ్ వాడినవారిలో ఇది సుమారు 26 శాతం కాగా, గ్లిక్లజైడ్ వాడినవారిలో 14 శాతం మాత్రమే. అంటే ఉపవాసం ఒక్కటే కాదు, ఏ మందుతో ఉపవాసముంటున్నామన్నది కూడా ముఖ్యమే.

అన్నింటికన్నా ఆశాజనకమైనది లండన్‌లో జరిగి 2010లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనం. అందులో 111 మంది పాల్గొన్నారు. కొందరికి రమజాన్‌కు ముందే ఆహారం గురించి, మందుల గురించి, రక్త పరీక్షల గురించి బోధించారు. మిగిలినవారికి బోధించలేదు. బోధన పొందినవారిలో చక్కెర పడిపోయిన సందర్భాలు 9 నుంచి 5కు తగ్గాయి. పొందనివారిలో 9 నుంచి 36కు పెరిగాయి. రమజాన్ రెండు వర్గాలకూ ఒక్కటే. తేడా తెచ్చింది ముందుగా తెలుసుకోవడమే.

ఈ పరిశోధనల ఆధారంగా అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, మధుమేహం-రమజాన్ విషయమై పనిచేసే వైద్యుల కూటమితో కలిసి 2016లో మార్గదర్శకాలు రూపొందించి, 2021లో వాటిని సవరించింది. ఇందులో రోగికి మార్కులు వేసే పద్ధతి ఉన్నది. జబ్బు ఎంతకాలం నుంచి ఉన్నది, ఏ రకం, ఏ మందులు, మూత్రపిండాలు, గుండె ఎలా ఉన్నాయి, ఇటీవల చక్కెర పడిపోయిందా, చేసే పని శారీరక శ్రమతో కూడినదా వంటివి లెక్కించి కూడుతారు. మొత్తం 3 వరకు ఉంటే ప్రమాదం తక్కువ. 3.5 నుంచి 6 వరకు మధ్యస్థం. 6 దాటితే ఎక్కువ. మొదటి వర్గంవారు జాగ్రత్తలతో ఉపవాసం ఉండవచ్చు. రెండవ వర్గంవారు మానుకోవడం మంచిదని సలహా. మూడవ వర్గంవారు ఉండరాదని స్పష్టమైన సూచన.

షరీఅత్ దృష్టి

అల్ బఖరా సూరాలోని 184, 185 ఆయతుల్లో రోగికీ, ప్రయాణీకునికీ ఉపవాసాలను వేరే దినాల్లో పూర్తిచేసుకునే సౌలభ్యం ఇవ్వబడింది. దీనినే ఫిఖ్హ్ పరిభాషలో 'రుఖ్సత్' అంటారు. అనువాదకుడిగా నేను చాలాకాలం ఈ పదాన్ని 'మినహాయింపు' అని రాస్తూ వచ్చాను. ఆ మాటలో ఏదో బాధ్యత తప్పించుకున్న ధ్వని ఉన్నదని తరువాత అనిపించింది. రుఖ్సత్ ఆజ్ఞకు వెలుపలి సంగతి కాదు. ఆజ్ఞ ఇచ్చిన ప్రభువే ఆ ఆజ్ఞలో భాగంగా ప్రసాదించినది. అందుకే ఇప్పుడు 'సౌలభ్యం' అని రాస్తున్నాను.

ఒక ప్రయాణంలో ఒక వ్యక్తి చుట్టూ జనం గుమిగూడి అతనికి నీడ పట్టడం దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చూశారు. విచారించగా అతను ఉపవాసమున్నాడని తెలిసింది. ప్రయాణంలో అలా ఉపవాసముండటం పుణ్యకార్యమేమీ కాదని ఆయన ప్రవచించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. దానిని మదర్సాలో ఎన్నిసార్లు చదివానో! అయినా ఆ పెద్దాయనకు విసనకర్ర విసురుతున్నప్పుడు అది నాకు గుర్తుకు రాలేదు.

ఇక ఏ రోగం ఈ సౌలభ్యానికి అర్హమైనది? ఉపవాసం వల్ల జబ్బు ముదురుతుందన్న భయం బలమైన ఆధారంతో కూడినదై ఉండాలి. స్వానుభవం గానీ, నమ్మదగిన వైద్యుని మాట గానీ ఆ ఆధారం కావాలని ఫుఖహాలు పేర్కొన్నారు. పైన చెప్పిన పరిశోధనలు వైద్యుని మాటకు బలమైన పునాదినిస్తున్నాయి. ఇస్లామీ దేశాల సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 2009లో షార్జా సమావేశంలో చక్కెర వ్యాధిగ్రస్తులను వారికి గల ప్రమాదాన్ని బట్టి నాలుగు వర్గాలుగా విభజించి తీర్మానం చేసింది. వైద్యులూ, ఉలమాలూ ఒకే దారిలో నడుస్తున్నారన్నమాట.

రక్త పరీక్ష చేసుకుంటే ఉపవాసం భంగమవుతుందని మనలో చాలామంది భయపడతారు. ఇది నిరాధారం. పరీక్ష కోసం రక్తం తీయడం వల్ల గానీ, ఆహారం కాని మందును చర్మం కింద సూదిద్వారా ఇవ్వడం వల్ల గానీ ఉపవాసం భంగం కాదని ఇదే అకాడమీ 1997లో జిద్దా సమావేశంలో ప్రకటించింది.

ఆచరణలో చేయవలసినవి

మొదటిది, షాబాన్ మాసంలోనే, వీలైతే రమజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వైద్యుని కలవాలి. ఏ మందు మార్చాలో, ఏది ఇఫ్తార్‌కు జరపాలో, దేని మోతాదు తగ్గించాలో ఆయనే నిర్ణయించాలి. ఈ వ్యాసం వైద్యుని అడగడానికి ఉపయోగపడాలే గాని సొంత వైద్యానికి కాదు.

రెండవది, ఉపవాసం ఉండదలచినవారు పగటిపూట రక్తంలో చక్కెర పరీక్షించుకోవాలి. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకన్నా తగ్గినా, 300 దాటినా వెంటనే ఉపవాసం విరమించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. మగ్రిబ్‌కు పది నిమిషాలే ఉన్నా సరే. చక్కెర పడిపోయిన లక్షణాలు కనిపిస్తే, పరీక్ష సాధనం దగ్గర లేకపోయినా చక్కెర నీళ్లు గానీ ఖర్జూరం గానీ తీసుకోవాలి.

మూడవది, సహరీని వీలైనంత ఆలస్యంగా చేయాలి. ఇది సున్నత్ కూడాను. ఇఫ్తార్‌లో ఒకటి రెండు ఖర్జూరాలు, మంచినీళ్లు చాలు. షర్బతులు వద్దు.

నాలుగవది, వైద్యుడు వద్దన్నప్పుడు మొండికేయరాదు. విరమించిన ఉపవాసాలకు ఖజా చేయాలా, కోలుకునే ఆశ లేని జబ్బు గనుక ఫిద్‌యా ఇవ్వాలా అన్నది తమ పరిస్థితిని వివరించి ఆలిమును అడిగి తెలుసుకోవాలి.

మస్జిదుల ఇమాములకు ఒక విన్నపం. షాబాన్‌లోని ఒక్క జుమా ప్రసంగాన్ని ఈ విషయానికి కేటాయించండి. వైద్యుని గది వరకు వెళ్లనివారు కూడా మీ మాట వింటారు. ఉపవాసం మానితే చుట్టుపక్కలవారు ఏమనుకుంటారోనన్న బిడియమే అనేకమంది రోగులను ప్రమాదంలోకి నెడుతున్నది. ఆ బిడియాన్ని మింబరు మీద నుంచి తొలగించినంత సులువుగా మరెక్కడి నుంచీ తొలగించలేము.

మా మస్జిదులోని ఆ పెద్దాయన మరుసటి ఏడాది నుంచి వైద్యుని సలహాపై ఉపవాసాలు మానుకుని ఫిద్‌యా ఇస్తున్నారు. ఇఫ్తార్ వేళకు మాత్రం అందరికన్నా ముందే వచ్చి దస్తర్‌ఖాన్ పరుస్తారు. ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఆయన ఇచ్చిన సౌలభ్యాన్ని వినయంతో స్వీకరించే జ్ఞానాన్ని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.