స్టార్టరు పెట్టెలో వేరిస్టరు బిళ్ళ

బోరుమోటారుకు ఆటో స్టార్టరు పెట్టుకున్నవారికి అర్ధరాత్రి చేనికి పోయే శ్రమ తప్పింది. అయితే యెక్కడో పిడుగు పడినా తీగలవెంట క్షణంలో వెయ్యోవంతు కూడా నిలవని పెద్ద పోటు రావచ్చు. రాగిచుట్ల మోటారు ఓర్చుకున్నా, పెట్టెలోని ఎలక్ట్రానిక్ బోర్డు ఓర్చుకోలేదు.

అందుకే బోర్డుముందు వేరిస్టరు అనే బిళ్ళ పెడతారు. నాణెమంత ఉంటుంది, రెండు కాళ్ళు. లోపలిది జింకు ఆక్సైడు. చెరువుకు కలుజు యెలాగో బోర్డుకు యిది అలాగు: వోల్టేజి హద్దు దాటితే పోటును తనమీదుగా మళ్ళిస్తుంది. కలుజు మరీ దించి కడితే మామూలు నీరే పోతుంది, మరీ ఎత్తు చేస్తే గట్టు తెగుతుంది గదా! బిళ్ళ యెంచుకోవడంలో చిక్కంతా అదే.

దానిమీద 14డి431 అని ఉన్నదనుకోండి. 14 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 431 అంటే నాలుగువందల ముప్పైఒకటి కాదు సుమండీ, 43 పక్కన ఒక సున్న, 430. ఆ వోల్టుల దగ్గర బిళ్ళలో ఒక మిల్లీ ఆంపియరు పారుతుంది. ఏసీ లైనుమీద నిత్యం ఉంచదగినది మాత్రం 275 వోల్టులకే. మన 230 వోల్టుల ఏసీ శిఖరాన 325 దాకా లేస్తుంది, తేడా అందువల్లనే.

ఇప్పుడు అసలు సంగతి. కొన్ని స్టార్టరు బోర్డులు రెండు ఫేజుల మధ్య పనిచేస్తాయి. అక్కడ 415 వోల్టులు. అక్కడ 431 బిళ్ళ వేస్తే పిడుగుదాకా అక్కరలేదు, స్విచ్చి వేయగానే మాడుతుంది. 821 గుర్తుగలది, అంటే 510 వోల్టుల ఏసీకి తగినది వేయించండి. సింగిల్ ఫేజు బోర్డుకైనా, రాత్రివేళ వోల్టేజి యెక్కే ఊళ్ళలో 431 కంటె 511 మేలని నా అభిప్రాయం. అది 320 వోల్టులకు ఆగుతుంది. పోటును కాస్త యెక్కువగా లోనికి పోనిస్తుంది, నిజమే. రోజూ వేడెక్కి చచ్చే బిళ్ళకంటె నయం. 20 మిల్లీమీటర్లది దొరికితే యింకా మంచిది, యెక్కువ పోటు మోస్తుంది.

బిళ్ళ చెడేటప్పుడు తరచు లోపల కలిసిపోయి మండుతుంది. కాబట్టి కరెంటు ముందు ఫ్యూజుగుండా వచ్చి, తరువాతనే బిళ్ళకు చేరాలి. పోయిన ఫ్యూజుకు రాగితీగ చుట్టే అలవాటున్నవారు ఈ మాట గట్టిగా వినాలి. బిళ్ళ కాళ్ళు పొట్టిగా ఉంచమని కూడా మెకానిక్కుతో చెప్పండి.

ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రలు తెగి, సింగిల్ ఫేజు తీగలో 400 వోల్టులు గంటలకొద్దీ నిలిస్తే యీ బిళ్ళ కాపాడదు. దానికి వోల్టేజి కటాఫ్ వేరే ఉండాలి. పక్కనే పిడుగు పడితే యే బిళ్ళా ఆగదు. మబ్బు పట్టగానే మెయిను తీసేయండి. ఉరుములు మొదలైన తరువాత మాత్రం షెడ్డువైపు పోవద్దు. వాన వెలిశాక, మెయిను తీసే ఉంచి, పెట్టె విప్పించి చూడండి. బిళ్ళ నల్లబడినా చిట్లినా, అదే గుర్తుగల కొత్తది వేయించండి.