నిలువు గాలం - ప్రాణమున్న ఎర

ఉత్తర అమెరికాలోని సరస్సులలోను, నిదానంగా పారే నదులలోను క్రాపీ అనే చేప నివసిస్తుంది. ఇందులో తెల్లక్రాపీ, నల్లక్రాపీ అని రెండు జాతులు ఉన్నవి. సాధారణంగా గాలానికి చిక్కేవి అరకిలోకు అటూ ఇటూగా ఉంటాయి. 1957లో మిసిసిపీ రాష్ట్రంలోని ఎనిడ్ ఆనకట్ట వద్ద దొరికిన తెల్లక్రాపీ 2.35 కిలోగ్రాములు తూగింది. దీనిని పట్టే పద్ధతి చూడడానికి సులభమే. పడవలో కూర్చుండి, బ్రతికున్న చిన్న చేపను కొక్కేనికి గుచ్చి, దారాన్ని తిన్నగా క్రిందికి దింపుతారు. కాని ఈ చిన్నపనిలో విజ్ఞానశాస్త్ర సూత్రాలు అనేకం ఇమిడి ఉన్నవి.

నిలువుగా ఎందుకు?

క్రాపీలు మునిగిన చెట్ల చుట్టూ గుంపులుగా చేరుతాయి. టెనెసీ రాష్ట్రంలోని రీల్‌ఫుట్ సరస్సు 1811-12లో సంభవించిన భూకంపాలకు నేల క్రుంగి ఏర్పడినది. అప్పుడు మునిగిపోయిన చెట్ల మోళ్లు నేటికీ అందులో ఉన్నవి. ఇటువంటి చోట గాలాన్ని దూరంగా విసిరి లాగితే, అది కొమ్మలకు చిక్కుకొంటుంది. నిలువుగా దింపితే ఆ బెడద తగ్గుతుంది.

తాపీపనివాడు గోడ నిలువును చూడడానికి వ్రేలాడదీసే గుండు వంటిదే ఇక్కడ కూడా ఉపయోగపడుతుంది. దారం కొసన బరువైన గుండు కడతారు. దానికి పైన, ఒకదానికొకటి తగినంత ఎడంగా, రెండు పొట్టి పిల్లదారాలు కట్టి వాటికి కొక్కేలు తగిలిస్తారు. గుండు బరువు వలన దారం బిగువుగా నిలుస్తుంది. అందుచేత చేప ఎరను మెల్లగా తాకినా ఆ కదలిక కర్ర కొసకు అందుతుంది. పిల్లదారం మరీ పొడవైతే ఎరచేప తిరుగుతూ దానిని పెద్దదారానికి చుట్టివేస్తుంది.

కొక్కెం సన్నని తీగతో చేసినదై ఉండాలి. దీనివలన లాభాలు రెండు. ఎరచేపకు గాయం చిన్నదవుతుంది. కొక్కెం మోడుకు పట్టుకొన్నప్పుడు, నిదానంగా లాగితే తీగ సాగి విడివడుతుంది.

ఎరను గుచ్చడం

బ్రతికి కదలాడడంలోనే ఈ ఎర విలువ ఉన్నది. వెన్నుమీది రెక్కకు దిగువగా, వెన్నెముకకు పైగా, కండలో కొక్కేన్ని గుచ్చితే చిన్నచేప అడ్డంగా నిలిచి ఈదగలుగుతుంది. వెన్నెముకకు తగిలితే కదలిక పోతుంది. పడవ మెల్లగా సాగుతూ ఉంటే రెండు పెదవులను కలిపి గుచ్చడం మేలు. అప్పుడు చేప ముందుకు చూస్తూ సాగుతుంది. కాని నోరు మూసుకొనడం వలన మొప్పలకు నీరు సరిగా అందక త్వరగా అలసిపోతుంది.

ఎరచేపలను ఉంచిన బాల్చీ కూడా గమనింపదగినదే. లీటరు మంచినీటిలో 10 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 11.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములే కరుగుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ చేపకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి, నీటిలో మాత్రం తక్కువ ఉంటుంది. అందుకే బాల్చీని నీడలో ఉంచి, కొద్ది చేపలనే వేసి, గాలి ఆడేటట్లు చూస్తారు.

ఎంత లోతు?

క్రాపీ సాధారణంగా తనకన్న పైనున్న ఎరకోసం లేస్తుంది. కాబట్టి ఎర గుంపుకు కొంచెం పైనే ఉండాలి. వేసవిలో లోతైన జలాశయాలలో వెచ్చని తేలికనీరు పైన, చల్లని బరువునీరు క్రింద పొరలుగా ఏర్పడుతాయి. పలుచోట్ల క్రిందిపొరలో ప్రాణవాయువు హరించిపోతుంది. అక్కడికి దింపిన ఎర చస్తుంది. అక్కడ క్రాపీలూ ఉండవు.

పైకి లాగినప్పుడు

క్రాపీ నోటిపొర కాగితంవలె పలుచన. గట్టిగా గుంజితే చిరిగిపోతుంది. నెమ్మదిగా, దారం సడలకుండా ఎత్తాలి.

అయితే అసలు ప్రమాదం నోటికి కాదు, కడుపులోని గాలితిత్తికి. నీటిలో 10 మీటర్ల లోతున పీడనం పైభాగాన ఉన్నదానికి రెట్టింపు. పీడనం సగమైతే వాయువు ఘనపరిమాణం రెట్టింపవుతుందని 1662లో బాయిల్ ప్రకటించిన సూత్రం చెబుతుంది. మన బొచ్చె, శీలావతి చేపలలో గాలితిత్తి నుండి గొంతుకు ఒక నాళం ఉంటుంది. దానిద్వారా అవి అధికమైన వాయువును వదలగలవు. క్రాపీకి ఆ నాళం లేదు. వాయువు రక్తంలోకి మెల్లగా ఇంకవలసినదే. వేగంగా పైకి వచ్చిన చేపలో తిత్తి ఉబ్బి, ఇతర అవయవాలను నొక్కుతుంది. కండ్లు వెలికి ఉబ్బుతాయి, ఒక్కొక్కప్పుడు జీర్ణాశయం నోటిలోనికి వస్తుంది. నీటిలో విడిచినా అది క్రిందికి మునగలేక తేలుతూ చనిపోవచ్చును.

చిన్న చేపలను తిరిగి వదలాలనే నియమాలు అమెరికాలో చాలాచోట్ల ఉన్నవి. లోతునుండి లాగిన చేప విషయంలో ఆ నియమం ఒక్కటే చాలదు. కావలసినన్ని దొరికిన తరువాత అక్కడ గాలం ఎత్తివేయడమే సరియైన పద్ధతి. మిగిలిన ఎరచేపలనూ సరస్సులో పారబోయకూడదు. పరాయి జాతులు, రోగాలు వాటితోపాటే ప్రవేశిస్తాయి. గాలం ఎలా దింపాలో తెలిసినవానికి, ఎప్పుడు దింపకూడదో కూడా తెలియాలి.