కొబ్బరి నీడలో సోలార్ లెక్క

రావులపాలెం మండలం దేవరపల్లిలో 445 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రం కట్టారు. కోనసీమ పేరే పెట్టుకున్న ఆ ప్లాంటు గ్యాస్ అందక ఆగిపోయింది. అదీ కాళ్ల కిందే గ్యాస్ నిక్షేపాలున్న సీమలో! 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. ఆ మంట చూసినవాళ్లకు ఈ నేల కింద ఏముందో వేరే చెప్పనక్కర్లేదు. అయినా అమలాపురంలో ఫ్యాను తిరగాలన్నా, రాజోలులో ఏసీ ఆడాలన్నా ఈపీడీసీఎల్ తీగే దిక్కు.

ఇక బిల్లు సంగతి. 2022లో వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు. అక్కణ్నుంచి 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75 రూపాయలు. ఇతర ఛార్జీలు పక్కన పెడితే, నెలకు 100 యూనిట్లు కాల్చే ఇంటికి సుమారు 305 రూపాయలవుతుంది. 300 కాలిస్తే 1,673. వాడకం మూడు రెట్లే, బిల్లు మాత్రం దాదాపు ఐదున్నర రెట్లు!

డాబా మీద సోలార్ పలకలు పెడితే ముందు తగ్గేది ఎక్కువ రేటు పడే ఈ పై శ్లాబు యూనిట్లే.

ఒక కిలోవాట్ పలకలు నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తాయి. 300 యూనిట్ల ఇంట్లో వాటివల్ల 926 రూపాయలు మిగిలితే, మొత్తం వాడకమే 120 యూనిట్లున్న ఇంట్లో మిగిలేది 395 లోపే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడుకూ ఆపైనకూ 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. సబ్సిడీ ఆ రెండిళ్లకూ ఒకటే. పెట్టుబడి త్వరగా తిరిగొచ్చేది మాత్రం ఏసీ ఉన్న డాబా ఇంటికే.

కోనసీమకు మరో చిక్కు నీడ. కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగుల ఎండ తగిలే చోటు కావాలి. పెరటి కొబ్బరిచెట్ల నీడ ఒక పలక మీద పడినా, దానితో వరసగా కలిపిన మిగతా పలకల ఉత్పత్తి కూడా తగ్గొచ్చు. కొత్తపేట అయినా, రాజోలు అయినా, బిగించే ముందు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం నీడ ఎటు పోతోందో చూడాల్సిందే.

తుపాను సంగతీ ఉంది. 1996 నవంబరు తుపానుకు కొబ్బరితోటలు, కరెంటు స్తంభాలు కలిసే కూలాయి. డాబా మీద పలకలుంటే అలాంటప్పుడూ దీపం వెలుగుతుందనుకుంటే పొరపాటు. లైన్‌లో కరెంటు పోగానే ఆ లైన్‌కు కలిపిన మామూలు నెట్ మీటరు సోలార్ దానంతటదే ఆగిపోతుంది. తీగ బాగుచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా తయారుచేస్తారు. లైన్ లేనప్పుడూ ఫ్యాను తిరగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి. సబ్సిడీని పలకల సామర్థ్యాన్ని బట్టే ఇస్తారు కాబట్టి, బ్యాటరీ ఖర్చు ఇంటివాళ్లదే.