చలి సముద్రములో తెరచాప నావ

జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములలో శీతకాలపు వేకువను కారు అద్దములు మూసికొని నలుగురు కూర్చున్నచో, కొద్దిసేపటికే అద్దముల లోపలివైపు చెమ్మ పట్టును. అది బయటి మంచు కాదు. వారి ఊపిరిలోని నీటి ఆవిరియే. చలి సముద్రములకు పోవు తెరచాప నావలో నావికులను విడువక బాధించునదియు ఈ చెమ్మయే. చలనచిత్రములలో నావకు ముప్పు ఎల్లప్పుడును తుపానువలననే వచ్చును. కాని నీరు గాలికంటె సుమారు 24 రెట్లు ఎక్కువగా ఉష్ణమును ప్రసరింపజేయును గనుక, ఆరని బట్టలు, తడిసిన పడక తుపానుకు ముందే మనిషిని క్రుంగదీయును.

భారత నౌకాదళపు నావ 'తారిణి' 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవానుండి భూప్రదక్షిణకు బయలుదేరినది. సుమారు 17 మీటర్ల పొడవుగల ఆ నావలో ఆరుగురు మహిళా అధికారులుండిరి. వారిలో పి. స్వాతి విశాఖపట్టణమునకు, బి. ఐశ్వర్య హైదరాబాదునకు చెందినవారు. న్యూజీలాండులోని లిటిల్టన్ రేవు విడిచిన పిమ్మట ఫాక్‌లాండ్ దీవులవరకు వారు మరెచ్చటను ఆగలేదు. 2018 జనవరిలో, 56 డిగ్రీల దక్షిణ అక్షాంశమునకు చేరువనున్న కేప్ హారన్‌ను దాటిరి. ఇట్టి ప్రయాణమునకు నావను రేవులోనే సిద్ధము చేయవలెను. ఊగులాడు నావలో గొట్టములు బిగించుట సులభము కాదు.

చలికి విరుగుడు అన్ని సందులను మూసివేయుటయే యని తోచును. అది పొరపాటు. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక ఘనమీటరు గాలిలో సుమారు 17 గ్రాముల ఆవిరి ఇముడును. 5 డిగ్రీల వద్ద 7 గ్రాములే. గదిలోని వెచ్చని గాలి చల్లని గోడను తాకగనే మిగిలిన ఆవిరి నీరై కారును. బయటి చల్లగాలి ఎంత తేమగా కనబడినను, లోనికి వచ్చి వేడెక్కిన తరువాత పొడిగాలియే యగును. చెమ్మను పీల్చుకొని బయటకు పోవును. కావున వెచ్చదనము, గాలి రెండును కలిసి యుండవలెను. అల పైబడినను నీరు రాక, గాలి మాత్రమే వచ్చునట్టి గూళ్లను నావపై అమర్చుదురు. గోడలకు ఉష్ణమును పోనీయని పొర అంటింతురు.

పొయ్యికి పొగగొట్టము తప్పనిసరి. ఇంధనము మండునపుడు నీటి ఆవిరి పుట్టును. గాలి చాలనిచో రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు పుట్టి నిద్రలోనే ప్రాణము తీయును. సిలిండరులో బ్యూటేనుకు బదులు ప్రొపేను నింపించుకొందురు. బ్యూటేను సున్నకు అర డిగ్రీ దిగువనే ద్రవముగా నిలిచిపోవును. ప్రొపేను సున్నకు 42 డిగ్రీల దిగువవరకు ఆవిరిగా మారుచునే యుండును. డీజిలు సైతము శీతల దేశములకు తగినదై యుండవలెను. లేనిచో అందులోని మైనము పేరుకొని వడపోతను మూసివేయును.

నావను చలి రేవులో విడిచి పోవునపుడు మంచినీటి గొట్టములను ఖాళీ చేయుదురు. గడ్డకట్టు నీరు సుమారు 9 శాతము ఉబ్బి గొట్టములను పగులగొట్టును. ఉప్పునీరు సున్నకు దాదాపు 1.8 డిగ్రీల దిగువవరకు గడ్డకట్టదు గనుక, నీటిలో మునిగియున్న అడుగుభాగమునకు ఈ భయము తక్కువ. పైభాగపు గొట్టములనే ముందుగా చూచుకొనవలెను.