హ్యాండ్ బ్రేకా? బటన్ బ్రేకా?



మా వనస్థలిపురంలో ఇప్పుడు ఏ అపార్టుమెంటు చూసినా కింద సెల్లారు, అందులోకి దిగడానికి ఒక వాలు వుంటాయి. సాయంత్రమైతే పిల్లల ఆటలన్నీ ఆ వాలు దగ్గరే. కిందటి శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం నాడు మా పై వాటా ఆవిడ తొందరలో కారును ఆ వాలు మీదే ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, పేరంటానికి వచ్చేసింది. అయిదు నిమిషాలైనా కాలేదు, కారు తనంతట తాను కిందికి జారి గోడకు కొట్టుకుంది. పిల్లలు ఆ క్షణంలో ప్రసాదం కోసం పైకి వచ్చారు కనుక సరిపోయింది. "లాగాను వదినా, నా చేత్తో లాగాను!" అని ఆవిడ ఒకటే ఏడుపు.

ఆనాటి నుంచి మా ఇళ్ళలో ఇదే చర్చ. బటన్ నొక్కితే పడే బ్రేకే మేలని కొందరు, కరెంటు వస్తువును నమ్మేదెలా అని కొందరు. మెకానిక్కును అడిగి నేను తెలుసుకున్నది మీకూ చెబుతాను.

హ్యాండ్ బ్రేకు లాగితే ఒక ఉక్కు కేబులు వెనక చక్రాల బ్రేకులను బిగిస్తుంది. మనం బట్టలారేసుకునే తీగ కొత్తలో బిగువుగా వుండి, రానురాను సాగిపోదూ? ఇదీ అంతే. లివరు ఇదివరకటికన్నా పైకి వస్తోందంటే కేబులు సాగిందనో, బ్రేకు అరిగిందనో అర్థం. అంటే ఇది చాలావరకు చెప్పి చెడుతుంది. ఆవిడ కారు కూడా రెండు నెలలుగా చెబుతూనే వుందట!

బటన్ బ్రేకు 2001 ప్రాంతంలో విదేశాల ఖరీదైన కార్లలో వచ్చింది. ఇప్పుడు మన మధ్యతరగతి కార్లలోనూ వస్తోంది. చాలా కార్లలో చక్రం దగ్గరే చిన్న మోటారు వుండి, మరను తిప్పి బ్రేకు బిగిస్తుంది. సగం లాగి వదిలేయడమన్నది ఇందులో లేదు. మరి బ్యాటరీ అయిపోతే కారు జారుతుందా? జారదు. కొళాయి బిగించి చెయ్యి తీసేస్తే నీళ్ళు మళ్ళీ కారవు కదా! బిగించడానికీ, వదలడానికే కరెంటు కావాలి. పట్టి వుంచడానికి అక్కరలేదు. చిక్కల్లా బ్యాటరీ చచ్చాక అది వదలకపోవడమే. అలాగని హ్యాండ్ బ్రేకుకు ఇబ్బంది లేదనుకోకండి. వానాకాలంలో నెలల తరబడి లాగి వుంచితే తుప్పుపట్టి అతుక్కుపోతుంది.

ఇంతకీ ఏది నమ్మకమైనది? 2016 అక్టోబరు నెల సంగతి వినండి. పార్కింగ్ బ్రేకు కేబులు వూడిపోవచ్చునని టయోటా వారు దాదాపు 3,40,000 ప్రియస్ కార్లను మరమ్మతుకు వెనక్కి పిలిచారు. అదే నెలలో హోండా వారు అమెరికాలో సుమారు 3,50,000 సివిక్ కార్లను పిలిచారు. కారు ఆపిన వెంటనే బటన్ నొక్కితే ఒక్కోసారి బ్రేకు పడకపోవచ్చునని! కేబులుకూ తప్పలేదు, కరెంటుకూ తప్పలేదు.

కాబట్టి ఏ బ్రేకైనా మనం చేయవలసింది ఒక్కటే, పడిందో లేదో చూసుకోవడం. కాలి బ్రేకు మీద కాలుంచే పార్కింగ్ బ్రేకు వేయండి. బటన్ అయితే ఎర్రదీపం వెలిగిందో లేదో చూడండి. తర్వాత కాలు మెల్లగా తీసి, కారు కదలడం లేదని రూఢి చేసుకున్నాకే దిగండి. వాలు మీద గేరు కూడా వేయాలి. కారు ముఖం పైకుంటే ఫస్టు గేరు, కిందికుంటే రివర్సు, ఆటోమేటిక్ అయితే 'పి'. సర్వీసింగుకు ఇచ్చినప్పుడు హ్యాండ్ బ్రేకు బిగువు చూడమని నోరు తెరిచి చెప్పండి. బటన్ బ్రేకు కారైతే బ్యాటరీని కనిపెట్టి వుండండి. వెనక ప్యాడ్లు మార్చేటప్పుడు మోటారును పద్ధతి ప్రకారం వెనక్కి తిప్పాలి కనుక, ఆ పని తెలిసినవారికే ఇవ్వండి.

వెనకటికి బండి తోలేవాళ్ళు ఎద్దులను విప్పగానే చక్రం కింద రాయి పెట్టేవారు. మా సెల్లారు వాలు పక్కన కూడా ఇప్పుడు రెండు రాళ్ళున్నాయి. పెట్టింది ఎవరో కాదు, మా పై వాటా ఆవిడే.